ఫోన్‌లో డాస్ గేమ్: అసలు తంటా బటన్లతోనే

నమస్తే అండి. కంప్యూటర్ సెంటర్‌లో సార్ అలా బయటికెళ్లగానే వర్డ్ మూసేసి డేవ్ గేమ్ తెరిచిన బ్యాచ్ ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే కూర్చోండి. ఆ కాలం డాస్ గేమ్ ఒకటి ఇవాళ ఫోన్‌లో ఆడిద్దాం. డాస్ అంటే విండోస్‌కి ముందు పీసీలని నడిపిన సిస్టమ్.

నేను తీసుకున్నది కమాండర్ కీన్ మొదటి భాగం. 1990 డిసెంబర్‌లో వచ్చింది. ఎనిమిదేళ్ల కుర్రాడు సొంతంగా రాకెట్ కట్టుకుని మార్స్‌కి పోతాడు, అక్కడివాళ్లు దాని సామాన్లు నాలుగు ఎత్తుకుపోతారు. అందులో వాక్యూమ్ క్లీనర్ కూడా ఉంది, నవ్వకండి. ఇది షేర్‌వేర్. మొదటి భాగం ఫ్రీగా పంచుకోండి, నచ్చితే మిగతా రెండూ కొనుక్కోండి అని వాళ్లే వదిలారు. కాబట్టి దొంగ కాపీ అన్న టెన్షన్ లేదు.

ఆండ్రాయిడ్‌లో మ్యాజిక్ డాస్‌బాక్స్ అనే యాప్ వేసుకోండి. డాస్‌బాక్స్ అంటే మీ ఫోన్ లోపల పాత పీసీలా నటించే ప్రోగ్రామ్. ఐఫోన్ వాళ్లకి ఇలాంటి యాప్‌లు చాలాకాలం కష్టమే, 2024లో ఆపిల్ పాత గేమ్‌ల ఎమ్యులేటర్లని, అంటే ఇలా పాత మెషీన్‌లా నటించే యాప్‌లని, స్టోర్‌లోకి రానిచ్చింది.

గేమ్ డౌన్‌లోడ్ చేసుకుని, ఆ జిప్ విప్పి, ఫైళ్లన్నీ కీన్1 అనే ఫోల్డర్‌లో పెట్టండి. పేరు ఇంగ్లీషులో, ఎనిమిది అక్షరాల లోపు, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. డాస్‌కి అంతకంటే పొడుగు పేర్లు అర్థం కావు. ఇప్పుడు యాప్‌లో కొత్త గేమ్ జోడించి, సి డ్రైవ్‌గా ఈ ఫోల్డర్ చూపించండి. మెయిన్ ప్రోగ్రామ్‌గా కీన్1 డాట్ ఈఎక్స్ఈ. ఫోల్డర్ అనుమతి అడిగితే ఇవ్వండి. అంతే, ఇదిగో, టైటిల్ వచ్చేసింది.

స్పీడ్ సంగతి ఒక్క మాట. సెట్టింగుల్లో సైకిల్స్ అని ఉంటుంది, యాప్ లోపలి పాత పీసీ ఎంత వేగంగా నడవాలో చెప్పే అంకె అది. 3000తో మొదలుపెట్టండి, నత్తనడక నడిస్తే కొంచెం కొంచెం పెంచండి. మ్యాక్స్ పెట్టారా, ఫోన్ ఇస్త్రీపెట్టెలా కాలుతుంది, ఈ గేమ్‌కి దానివల్ల ఒరిగేదీ లేదు. సౌండ్ కార్డ్ సెట్టింగుల జోలికీ పోకండి. కీన్ మొదటి భాగంలో ఉన్నవి పీసీ స్పీకర్ బీప్ శబ్దాలే.

ఇక అసలు తంటా. ఇది కీబోర్డ్ కోసం చేసిన గేమ్, మనకేమో గాజుపలక తప్ప ఏమీ లేదు.

స్క్రీన్ చూడండి. గేమ్ బొమ్మ పాత టీవీ ఆకారంలో ఉంది, ఫోన్ పొడుగ్గా ఉంది. రెండు పక్కలా నల్లటి ఖాళీ మిగిలింది కదా? చాలామంది అది నచ్చక బొమ్మని సాగదీస్తారు, కీన్ పాపం పొట్టిగా, లావుగా అయిపోతాడు. సాగదీయకండి. ఆ ఖాళీయే మన బటన్లకి చోటు.

ఎడమవైపు డీ-ప్యాడ్, అంటే నాలుగు దిక్కుల బటన్, పెట్టి, దానికి యారో కీలు ఇవ్వండి. కుడివైపు కింద, బొటనవేలు అందేచోట కంట్రోల్ బటన్. అది జంప్. ఆల్ట్ అంటే పోగో స్టిక్, ఎక్కి ఎత్తుగా ఎగిరే స్ప్రింగు కర్ర, అది గేమ్‌లో దొరికాక పనికొస్తుంది. మరి తుపాకీ పేలాలంటే? కంట్రోల్, ఆల్ట్ రెండూ ఒకేసారి నొక్కాలి.

నేను మొదట రెండు బటన్లూ పక్కపక్కన పెట్టి, బొటనవేలు మధ్యలో ఆనించాను. తుపాకీ పేలలేదు, కీన్ ఎగిరి వెళ్లి శత్రువు మీదే పడ్డాడు. ఒక వేలిని ఫోన్ ఒక్క స్పర్శగానే లెక్కేస్తుంది మరి. అందుకని ఆల్ట్‌ని కుడివైపు పై మూలకి జరపండి. ఫోన్ పట్టుకున్నప్పుడు చూపుడువేలు అక్కడికే వస్తుంది. బొటనవేలు కింద, చూపుడువేలు పైన, రెండూ కలిపి... ఆఁ, పేలింది! గుళ్లు పొదుపుగా వాడండి, ఒక తుపాకీ దొరికితే వచ్చేవి ఐదే.

ఇంకొక్క బటన్ చిన్నగా ఏదో మూలన పెట్టుకోండి, ఎఫ్5. గేమ్ సేవ్ అయ్యేది దానితోనే, అదీ లెవెల్‌ బయట, మ్యాప్ మీద ఉన్నప్పుడు మాత్రమే. లెవెల్ మధ్యలో ఫోన్ వచ్చి యాప్ మూసుకుపోతే ఆ లెవెల్ మళ్లీ మొదటినుంచే. నాకు నిన్న సరిగ్గా అదే జరిగింది, లెవెల్ చివరి గుమ్మం దాకా వెళ్లాక గ్యాస్ డెలివరీ కాల్.