కౌంటరు వెనక స్టూలు

అందరికీ నమస్కారం. షట్టరు తీసే పని కుర్రాళ్లకు అప్పగించి పొద్దున్నే ఇక్కడికి వచ్చారు. బోణీ వేళ దాటకుండా వదిలేస్తాను.

"స్టాఫ్ నిలబడటం లేదండీ, దాని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు మీ బట్టల షాపుల యజమానుల సంఘం వాళ్లు. నవ్వొచ్చింది నాకు. మన షాపుల్లో వాళ్లు రోజంతా చేసేదే నిలబడటం కదా!

నేను గుమాస్తాగా చేరినప్పుడు కొట్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది. కొనేవాళ్లూ దాని మీదే, అమ్మే మేమూ దాని మీదే. చీర విప్పి ఒళ్లో వేసేవాళ్లం. తర్వాత అద్దాల షోరూములు వచ్చాయి, ఏసీలు వచ్చాయి, పరుపు పోయింది. కొనేవాళ్లకు కుర్చీ వచ్చింది. అమ్మేవాడికి ఏమీ రాలేదు. ఇది ఎవరో కావాలని చేసింది కాదు. ఇంటీరియర్ వాడు గీసిన ప్లానులో అమ్మేవాడి చోటు ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

కేరళలో గుర్తు చేశారు. కోజికోడ్ మిఠాయి వీధిలో బట్టల షాపుల ఆడవాళ్లు మొదట అడిగింది కుర్చీ కూడా కాదు, మరుగుదొడ్డి. అది లేక, పగలంతా మంచినీళ్లు తాగడం మానుకునేవాళ్లు. అదే ఊళ్లో కుట్టుపని చేసే విజి అనే ఆమె వాళ్లను కూడగట్టింది. ఆ తర్వాతే కూర్చునే హక్కు అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. నన్ను తలదించుకునేలా చేసే సంగతి ఇంకొకటుంది. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాసిపెట్టారు. మిల్లులో బట్ట నేసేవాడికి ఆనాడే దక్కిన మాట, ఆ బట్ట అమ్మేవాడి దాకా రావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

"కూర్చుని కనిపిస్తే కస్టమర్ ఏమనుకుంటుంది?" అని మీలో కొందరు గొణుక్కుంటున్నారు. ఏమీ అనుకోదు. ఆమె కళ్లు చీర అంచు మీద ఉంటాయి. ఆషాఢం సేల్‌లో ఎవరూ స్టూలు వంక చూడరు కూడా, నాకు తెలుసు. నేను చెప్పేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగింటి దాకా, షాపు ఖాళీగా ఉన్నప్పుడు కూడా సీసీ కెమెరాకు భయపడి గోడకు జారబడే మనిషి గురించి. నన్ను అడిగితే, ఏడాదికోసారి శాలువా కప్పడం కన్నా ఆ రెండు గంటల స్టూలుకే విలువ ఎక్కువ.

ఇంకో విషయం. నేను పనిచేసిన ఒక షాపులో, పేరెందుకు లెండి, పెద్దాయన సూరత్ వెళ్లి ఒకే డిజైన్‌లో రెండు వందల చీరలు తెచ్చారు. బేల్, అంటే ఆ చీరల మూట, విప్పగానే కౌంటరు అమ్మాయి నా చెవిలో చెప్పింది: "అన్నా, ఈ రంగు మన ఊళ్లో ముత్తయిదువలు ముట్టుకోరు." మరి ముందే ఎందుకు చెప్పలేదంటే, "నన్నెవరు అడిగారన్నా?" అంది. ఆ చీరలు రెండేళ్లు బీరువాలో మగ్గి, చివరికి సగం ధరకు పోయాయి. అప్పుడు మాత్రం తిట్లు పడింది ఆ అమ్మాయికే, అదీ కొనడానికి వచ్చినవాళ్ల ముందు. "నీకు అమ్మడం చేతకాదు" అన్నారు. తర్వాత నెలలో మానేసింది. ఎదురు షాపుకే వెళ్లింది. ఆమెను అడిగి కొనే పాత ఖాతాదార్లు కూడా ఆమె వెంటే వెళ్లారు.

ఏ రంగు అడిగి లేదనిపించుకుని వెళ్లిపోయారో, ఏ ధర దగ్గర చెయ్యి వెనక్కి తీశారో మీ కంప్యూటరులో ఉండదు. అమ్మింది మాత్రమే దానికి తెలుసు. అమ్మలేనిది కౌంటరు మనిషికి తెలుసు. సరుకుకు బయల్దేరే ముందు రోజు రాత్రి, షట్టరు దించాక, పది నిమిషాలు వాళ్లను కూర్చోబెట్టి అడగండి. చెప్పింది విని తెస్తే, ఆ బేల్ వాళ్ల ముందే విప్పి, "ఇది నువ్వు చెప్పిన రంగే" అనండి. ఆ సరుకు ఎలా అమ్ముతారో మీరే చూస్తారు.

డబ్బు మాట ఎత్తకుండా దాటేస్తున్నానని వెనక వరుసలో నవ్వుతున్నారు. ఎత్తుతాను. బోనస్ కనీసం 8.33 శాతం అంటాం. లెక్క వేయండి, అది ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. 1965 బోనస్ చట్టంలో నాలుగు శాతంగా మొదలై, 1970లలో ఇక్కడికి చేరిన మాట ఇది. దాన్ని దసరాకు స్వీటు డబ్బాతో కలిపి దానం చేసినట్టు ఇవ్వకండి. వాళ్లకు రావలసిందే వాళ్లకు ఇస్తున్నారు. దయ చూపించాలనుకుంటే స్వీటు డబ్బాతో చూపించండి. దాని మీద ఏ చట్టమూ లేదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. అరగంట నుంచి మీరంతా కూర్చున్నారు, నేను నిలబడ్డాను. నలభై ఏళ్ల కౌంటరు మోకాళ్లివి. ఆ కుర్చీ ఇటు జరిపితే కూర్చునే జవాబు చెప్తాను.