తీర్పు కాపీ అందిందా?

(పారా లీగల్ వాలంటీర్ల శిక్షణ తరగతిలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. క్రిమినల్ అప్పీళ్ల గురించి మాట్లాడమన్నారు. రాజ్యాంగ అధికరణాలన్నీ వరసగా అప్పజెప్పను, అవి మీకిచ్చిన పుస్తకంలోనే ఉన్నాయి. ఒక కాగితం సంగతి చెబుతాను.

1978లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. నకిలీ డిగ్రీ సర్టిఫికెట్లు తయారు చేయించబోయాడని ఒక అధ్యాపకుడికి బొంబాయి హైకోర్టు 1973లో మూడేళ్లు శిక్ష వేసింది. ఆయన ఢిల్లీ దాకా వచ్చేసరికి ఆ శిక్ష కాస్తా అనుభవించేశాడు. ఇంత ఆలస్యం ఎందుకయ్యా అంటే, తీర్పు కాపీ నాకు అందనే లేదన్నాడు. ఆయన్ని ఉంచిన ఎరవాడ జైలు సూపరింటెండెంటేమో, మా గుమస్తా ఇచ్చాడు, క్షమాభిక్ష అర్జీకి జతచేయాలని మళ్లీ తీసుకున్నాడు అన్నారు. ఇచ్చినట్టు ఖైదీ సంతకం ఉందా అంటే, చీటీ ముక్క కూడా లేదు.

జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పిటిషన్ కొట్టేశారు గానీ విషయాన్ని వదల్లేదు. తీర్పు కాపీ ఖైదీకి వెంటనే, ఉచితంగా అందాలి, అందినట్టు జైలువాళ్లు సంతకం తీసుకోవాలి అన్నారు. లాయర్ని పెట్టుకోలేనివాడికి అప్పీలులోనూ ప్రభుత్వ ఖర్చుతో లాయర్ని ఇవ్వాలన్నారు. ఒక్కసారైనా అప్పీలు చేసుకునే అవకాశం, ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణనిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం కోరే న్యాయమైన పద్ధతిలో భాగమని తేల్చారు.

సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకి వెళ్లడానికి గడువు 60 రోజులు, మరణశిక్షయితే 30 రోజులే. కాపీ తెచ్చుకోవడానికి పట్టిన కాలాన్ని అందులోంచి తీసేస్తారు. లాయరు లేకపోయినా ఖైదీ తన అప్పీలు కాగితాన్ని జైలు అధికారికి ఇవ్వొచ్చు, ఆయన దాన్ని కోర్టుకి పంపి తీరాలి. జైలు అప్పీలు అంటే ఇదే.

హైకోర్టు సాక్ష్యాన్నంతా మళ్లీ మొదట్నుంచి తూకం వేయొచ్చు. ఫైలు చేతికి రాగానే నేను ముందు చూసేది 313 స్టేట్‌మెంట్, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313వ సెక్షన్ కింద రాసుకునేది. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 351. సాక్షులు చెప్పింది ముద్దాయి ముందు పెట్టి, దీనికి నువ్వేమంటావని జడ్జి అడిగే ఘట్టమది. నలుగురు సాక్షుల మాటలు ఒకే ప్రశ్నలో కుక్కి చదివేస్తే, అర్థమైనా కాకపోయినా ముద్దాయి "అబద్ధం" అంటాడు, అదే రాసుకుంటారు. దానివల్ల అతనికి నష్టం జరిగిందని అప్పీలులో చూపగలిగితే ఆ సాక్ష్యం పక్కకి పోతుంది. పది నిమిషాల తంతు అనుకుంటాం గానీ, కేసులు ఇక్కడే తిరగబడతాయి.

2007లో విజయవాడ దగ్గర హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడాది అరెస్టయిన యువకుడికి 2010లో యావజ్జీవం పడింది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే అసలు దోషి అతను కాదని చెబుతూ వచ్చారు. 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. అప్పీలు పనిచేసింది నిజమే, కానీ ఆరున్నరేళ్లు పట్టింది! ఆ ఆరున్నరేళ్లూ ఎవరి ఖాతాలో రాయాలో నాకైతే తెలియదు.

విచారణ రోజున లాయరు రాకపోతే అప్పీలు పోయినట్టేనా? కాదు. లాయరు రాలేదన్న ఒక్క కారణంతో క్రిమినల్ అప్పీలు కొట్టేయడానికి వీల్లేదని, రికార్డు చూసే తీర్పు చెప్పాలని 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఖైదీల ఇళ్లవాళ్లకి ఈ సంగతి తెలియక టెన్షన్ పడతారు, మీరు చెప్పండి.

ఇంకొకటి. అప్పీలు పెండింగులో ఉండగా అయిదేళ్లు జైల్లో గడిపిన యావజ్జీవ ఖైదీలకు, ప్రవర్తన బాగుంటే, కొన్ని రకాల నేరాలను మినహాయించి బెయిలు ఇవ్వొచ్చని 2016లో హైదరాబాద్ హైకోర్టు డివిజన్ బెంచ్, అంటే ఇద్దరు జడ్జిల బెంచ్, చెప్పింది. రేపు జైలుకి వెళ్లినప్పుడు అప్పీలు నంబరు, శిక్ష పడిన తేదీ రాసుకోండి. అయిదేళ్లు దాటినవాళ్ల జాబితా విడిగా తయారుచేసి ఉచిత న్యాయసహాయం చూసే లీగల్ సర్వీసెస్ కార్యదర్శి గారికి ఇవ్వండి. బెయిలు పిటిషన్లు అక్కణ్నుంచి వేయించొచ్చు.