ఏ ఫోర్సెప్స్ వాడారు మేడమ్?

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. సైన్స్ డేకి నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి థాంక్స్. కార్డులో 'గ్రాఫీన్ నానో నిర్మాణాల్లో అయస్కాంతత్వం, ఎలక్ట్రాన్ ప్రవాహం' అని వేశారు. అదే చెప్తాను. గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర, అలాంటివి దొంతరగా పేరిస్తే గ్రాఫైట్. కానీ ముందు ఈ బల్ల మీదకి చూడండి.

నాలుగు నియోడిమియం అయస్కాంతాలు, ఉత్తరం దక్షిణం మార్చి మార్చి గళ్ళలా పేర్చాను. వాటి మీద గోరంత గ్రాఫైట్ పలక. ఆనించి లేదు, తేలుతోంది. వెనక బెంచీలకి కనపడదు కదా, ఇదిగో, కింద నుంచి కాగితం ముక్క దూరుస్తున్నా, ఇటు పెట్టి అటు తీశాను. గ్రాఫైట్‌ని ఏ అయస్కాంతం దగ్గర పెట్టినా దూరం జరగాలనే చూస్తుంది. డయామాగ్నెటిజం అంటాం. మరి తోసేసే కార్బన్‌లోంచి అయస్కాంతం ఎక్కడొస్తుంది?

నోట్‌బుక్‌లో తేనెపట్టు గళ్ళు గీయండి. మూల మూలకీ ఒక కార్బన్ పరమాణువు. ఒకదానికి ఎరుపు, పక్కదానికి నీలం, అలా వేసుకుంటూ పోతే ఎర్రదాని పక్కన ఎప్పుడూ నీలాలే వస్తాయి. ఒక్కో ఎలక్ట్రానూ స్పిన్ అనే గుణంతో ఇటో అటో తిరిగి ఉండే బుల్లి అయస్కాంతం అనుకోండి. రెండు రంగులూ సమానంగా ఉన్నంతవరకు ఇటు స్పిన్‌కీ అటు స్పిన్‌కీ చెల్లు. లెక్క తప్పితేనే అసలు సంగతి. ఒక్కో ఎలక్ట్రాన్ స్పిన్ విలువ అర కాబట్టి, ఎంత తేడా ఉందో అందులో సగం స్పిన్ మిగులుతుందని భౌతిక శాస్త్రవేత్త ఎలియట్ లీబ్ 1989లో నిరూపించారు. ట్రయాంగ్యులీన్ అనే ముక్కోణపు అణువులో 22 కార్బన్లు, ఒక రంగువి 12, ఇంకో రంగువి 10. అంటే రెండు ఎలక్ట్రాన్లు జత దొరక్క ఒకే దిక్కుకి నిలబడతాయి. ఇనుము లేదు, నికెల్ లేదు, ఉన్నది కార్బన్, హైడ్రోజన్ అంతే! 1953లో రసాయన శాస్త్రవేత్త ఎరిక్ క్లార్ దీన్ని చెయ్యబోతే చేతికి చిక్కలేదు, ఒకదానికొకటి అతుక్కుపోయే రకం. 2017లో జ్యూరిక్ ఐబీఎం ల్యాబ్ వాళ్ళు మైక్రోస్కోప్ సూదిమొనతో అదనంగా ఉన్న రెండు హైడ్రోజన్లని పీకేసి, ఆ ఒక్క అణువునీ చేసి చూపించారు.

ఇక్కడ నా కథ చెప్పకుండా ముందుకి పోలేను.

నేను రీసెర్చ్ చేసే రోజుల్లో గ్రాఫైట్ రేకుల్ని బ్లేడుతో సన్నగా కోసి, ఫోర్సెప్స్‌తో, అంటే చిన్న పట్టకారుతో పట్టుకుని, అతి బలహీనమైన అయస్కాంతత్వాన్ని కూడా పసిగట్టే స్క్విడ్ మెషీన్‌లో కొలిచేదాన్ని. ఒకరోజు స్క్రీన్ మీద చక్కటి హిస్టెరిసిస్ లూప్ వచ్చింది, అంటే బయటి క్షేత్రం తీసేసినా అయస్కాంతత్వం మిగిలిందని చెప్పే గ్రాఫు. గది ఉష్ణోగ్రతలో, కార్బన్‌లో! ఆ రాత్రి నిద్రపోలేదు. పోస్టర్ ప్రింటయింది. అప్పుడు మెషీన్ చూసుకునే టెక్నీషియన్ ఒకాయన నెమ్మదిగా అడిగారు, "ఏ ఫోర్సెప్స్ వాడారు మేడమ్?"

స్టీల్‌వి. బ్లేడూ స్టీలే.

ఒక నానోగ్రాము ఇనుము, అంటే గ్రాములో వంద కోట్లో వంతు, అంటుకున్నా ఆ మెషీన్ పసిగట్టేస్తుంది. కొత్త రేకులు, ప్లాస్టిక్ ఫోర్సెప్స్, సెరామిక్ బ్లేడు, యాసిడ్‌తో కడగడం, మళ్ళీ మొదటి నుంచి. లూప్ పోయింది. కిందికి వాలిన ఒక గీత, మామూలు డయామాగ్నెటిజం, అంతే. "మొదటి డేటాతోనే థీసిస్ పూర్తి చెయ్యి, రెండోది ఎవరడుగుతారు" అని నాకు పై నుంచి సలహా వచ్చింది. నేను రెండూ రాశాను. ఏడాదిన్నర ఆలస్యమైంది, ఇంట్లో అమ్మకి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఆ మాటకొస్తే నాకన్నా పెద్దవాళ్ళకే తప్పలేదు: బంతుల్లాంటి కార్బన్ అణువులు, ఫుల్లరీన్లతో చేసిన పాలిమర్ గది ఉష్ణోగ్రతలో అయస్కాంతం అయిందని 2001లో నేచర్ పత్రికలో వచ్చిన పేపర్‌ని, అందులో ఇనుము కలిసిందని తేలాక 2006లో వెనక్కి తీసుకున్నారు.

టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఎలక్ట్రాన్ ప్రవాహం త్వరగా చెప్పేస్తాను. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ సెకనుకి దాదాపు పది లక్షల మీటర్లు పోతుంది, కాంతి వేగంలో మూడు వందలో వంతు. కార్బన్ తేలిక మూలకం, పైగా దాని కేంద్రకాల్లో నూటికి తొంభై తొమ్మిదికి స్పిన్నే లేదు, అందుకే ఎలక్ట్రాన్ తన స్పిన్ దిక్కుని చాలా దూరం మోసుకుపోతుందని ఆశ. 2007లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీ వాళ్ళు గది ఉష్ణోగ్రతలోనే మైక్రోమీటర్ల దూరం మోయించారు. రంపపు పళ్ళలా జిగ్‌జాగ్ అంచు ఉన్న సన్నటి గ్రాఫీన్ రిబ్బన్‌కి అడ్డంగా విద్యుత్ క్షేత్రం పెడితే ఒక స్పిన్ పారుతుంది, రెండోది ఆగిపోతుంది అని 2006లో సన్, కోహెన్, లూయీ లెక్కగట్టారు. కానీ అంచు పరమాణువు పరమాణువూ సరిగ్గా ఉండాలి, కోస్తే అలా రాదు. 2016లో బంగారం ఉపరితలం మీద అణువుల్ని ఒకదానికొకటి అల్లి అలాంటి రిబ్బన్ తీశారు.

ఎమ్మెస్సీ ఫైనలియర్ పిల్లలూ, మీ రికార్డులో శాంపిల్ ఏమిటో రాసే చోట, దాన్ని దేనితో ముట్టుకున్నారో కూడా ఒక లైను రాయండి. లూప్ రాకపోయినా ఆ గ్రాఫు అతికించండి, మార్కులు తగ్గితే నా దగ్గరికి రండి, నేనొచ్చి మాట్లాడతాను. ప్రిన్సిపల్ గారూ, ల్యాబ్‌కి ఒక డబ్బా ప్లాస్టిక్ ఫోర్సెప్స్ తెచ్చాను, డయాస్ పక్కన పెట్టాను. పలక దగ్గరగా చూడాలనుకునేవాళ్ళు ముందు వరస నుంచి రండి, పలకని చేత్తో పట్టుకోవద్దు, ఆ డబ్బాలోంచి ఒకటి తీసుకోండి.