అమ్మీటర్‌లో సున్నా

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చి కూర్చున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను: చిప్‌లు తక్కువ కరెంటుతో ఎలా నడుస్తాయన్నది.

1985 ఏప్రిల్ 26, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్. ఏకార్న్ అనే కంప్యూటర్ కంపెనీకి ఆ రోజు తమ సొంత ప్రాసెసర్ మొదటి చిప్‌లు ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. దాని ఇన్‌స్ట్రక్షన్ సెట్, అంటే ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాల జాబితా, రూపొందించింది సోఫీ విల్సన్, లోపలి నిర్మాణం చేసింది స్టీవ్ ఫర్బర్. బోర్డులో పెడితే మొదటి విడత చిప్ పనిచేసింది. ఎంత కరెంటు తీసుకుంటుందో చూద్దామని ఫర్బర్ సప్లై లైన్‌లో కరెంటు కొలిచే అమ్మీటర్ పెట్టారు. మీటరు సున్నా చూపించింది. ప్రోగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది.

చివరికి తేలిందేమిటంటే, ఆ బోర్డులో చిప్‌కి పవర్ కనెక్షనే అందడం లేదు. సిగ్నల్ పిన్నుల దగ్గర రక్షణ కోసం డయోడ్లు, అంటే కరెంటుని ఒక వైపుకే పోనిచ్చేవి, ఉంటాయి కదా, పక్క చిప్‌ల సిగ్నళ్ల నుంచి వాటి గుండా లోపలికి జారిన కొద్దిపాటి కరెంటుతోనే ప్రాసెసర్ మొత్తం నడిచేసింది. ఆ చిప్ పేరు ఆర్మ్. మీ జేబుల్లో ఉన్న ఫోన్లన్నీ దాని సంతానమే.

ఈ కథ విన్నవాళ్లు కరెంటు ఆదా చేయాలని ఎంత కష్టపడ్డారో అనుకుంటారు. నిజానికి అది గోడకి ప్లగ్ పెట్టి వాడే కంప్యూటర్ కోసం చేసిన ప్రాసెసర్. బ్యాటరీ ఊసే లేదు. వాళ్లకి కావలసింది చవక. ఆ రోజుల్లో వేడెక్కే చిప్‌ని సిరామిక్ ప్యాకేజీలో పెట్టాలి, దాని ధర ఎక్కువ. ప్లాస్టిక్ ప్యాకేజీ చవక, కానీ ఒక వాటు దాటితే ఆ వేడిని అది బయటికి పంపలేదు. అందుకని ఒక వాటు లోపు ఉండాలని గీత గీసుకున్నారు. చిప్ ఎంత పవర్ తింటుందో ముందే సరిగ్గా లెక్కగట్టే టూల్స్ వాళ్ల దగ్గర లేవు. చిప్ నమూనానే బీబీసీ బేసిక్ అనే మామూలు ప్రోగ్రామింగ్ భాషలో రాసుకున్న టీమ్ అది. లెక్క తప్పితే ప్లాస్టిక్ కరుగుతుందేమోనని ప్రతి అడుగులో జాగ్రత్తపడ్డారు. ఆ జాగ్రత్తలన్నీ కలిసి చివరికి వాటులో పదో వంతు దగ్గర తేలాయి.

ఇంకో కారణం ఉంది, నాకు ఎక్కువ నచ్చేది అదే. ఆ చిప్‌లో ఉన్నది దాదాపు 25,000 ట్రాన్సిస్టర్లు. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 80386లో 2,75,000. ఆర్మ్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ 32 బిట్లే, మైక్రోకోడ్ (ఇన్‌స్ట్రక్షన్లని చిన్న అడుగులుగా విడగొట్టే లోపలి ప్రోగ్రామ్) లేదు, క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న వేగవంతమైన మెమరీ) లేదు. ఆ మొదటి చిప్‌లో గుణకారానికి ఇన్‌స్ట్రక్షన్ కూడా లేదు! డబ్బు, మనుషులు రెండూ తక్కువే కాబట్టి, లేకపోయినా గడిచే ప్రతిదాన్నీ తీసేశారు. లేని ట్రాన్సిస్టర్ కరెంటు తినదు.

చిప్ తినే పవర్ ఫార్ములా మీకు తెలిసిందే: కెపాసిటెన్స్, వోల్టేజీ వర్గం, ఫ్రీక్వెన్సీ, మూడింటి గుణకారం. పరీక్షలో రాసి వదిలేయకుండా ఒకసారి బొమ్మ కట్టి చూడండి. ప్రతి వైరూ ఒక చెంబు. ఒకటి రాయాలంటే నింపాలి, సున్నా రాయాలంటే నేలమీద పారబోయాలి. సెకనుకు కోట్లసార్లు. చెంబు చిన్నదైతే కొంత మిగులుతుంది, తక్కువసార్లు నింపితే కొంత మిగులుతుంది. వోల్టేజీ తగ్గిస్తే మాత్రం దాని వర్గం లెక్కన మిగులుతుంది. 5 వోల్టుల నుంచి 3.3కి దిగితే చాలు, పవర్ సగానికన్నా కిందికి పడిపోతుంది. అలా దిగుతూ పోతే ట్రాన్సిస్టర్లు పూర్తిగా మూసుకోవడం మానేసి కారడం మొదలుపెడతాయి. వాడని భాగాలకి సప్లైనే కట్టేసే పద్ధతులు అందుకే వచ్చాయి. హైదరాబాద్‌లో, బెంగళూరులో చిప్ డిజైన్‌లో ఉన్న మీ సీనియర్లని అడగండి, వాళ్ల రోజులో ఎంత భాగం ఈ కట్టేయడం, తెరవడం సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూసుకోవడానికే పోతుందో చెప్తారు.

వాటు పెరిగితే పెరిగేది కరెంటు బిల్లు ఒక్కటే కాదు. వేడి లాగే హీట్‌సింక్ కావాలి, ఫ్యాన్ కావాలి, పెద్ద అడాప్టర్ కావాలి, ఫ్యాన్‌కి గాలి ఆడేంత పెట్టె కావాలి. చవక కంప్యూటర్‌లో ప్రాసెసర్ ధర కన్నా ఈ పరివారం ధరే భారం. అదే కేంబ్రిడ్జ్ నుంచి 2012లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ 35 డాలర్లకి వచ్చిందంటే, 700 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసర్ ఫ్యాన్ లేకుండా, ఫోన్ చార్జర్‌తో నడిచింది కాబట్టే సాధ్యమైంది. 2021లో వాళ్ల పికో బోర్డు అయితే 4 డాలర్లకే వచ్చింది.

ఇప్పుడు టేబుల్ మీద ఉన్న ఈ చిన్న బోర్డు చూడండి. నేల తడి కొలిచేది. నాణెం బ్యాటరీ, 225 మిల్లీఆంప్ అవర్లు. చిప్ మెలకువగా ఉంటే 5 మిల్లీఆంపులు, నిద్రలో 2 మైక్రోఆంపులు (మిల్లీఆంపులో వెయ్యో వంతు మైక్రోఆంపు). నిద్రపోనివ్వకుండా లూప్‌లో తిప్పుతూ ఉంటే 45 గంటల్లో బ్యాటరీ ఖాళీ. నిమిషానికి 20 మిల్లీసెకన్లు మాత్రం లేపి మళ్లీ పడుకోబెడితే, సగటు 4 మైక్రోఆంపుల లోపే. కాగితం మీద దాదాపు 7 ఏళ్లు! చిప్ అదే, బ్యాటరీ అదే, మారింది ప్రోగ్రామ్ రాసినవాళ్ల శ్రద్ధ. కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) వాళ్లని కూడా రమ్మన్నది ఇందుకే.

ఈ బోర్డు మొదటి రూపాన్ని మా ఊళ్లో మిరప చేలో పెట్టాను. ఎంత లేదన్నా మూడేళ్లు వస్తుందనుకున్న బ్యాటరీ నెలకే అయిపోయింది. ముందు బ్యాటరీని తిట్టుకున్నాను, తర్వాత చిప్‌ని అనుమానించాను. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తీరా చూస్తే, ఒక పిన్నుకి 10 కిలోఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ ఉంది, అంటే పిన్నుని సప్లై వోల్టేజీ వైపు పైకి లాగి ఉంచేది. నిద్రపోయే ముందు నా ప్రోగ్రామ్ ఆ పిన్నుని కిందికి, సున్నా వోల్టులకి లాగి అలాగే వదిలేస్తోంది. 3 వోల్టులు, 10 కిలోఓమ్‌లు: 300 మైక్రోఆంపులు. ప్రాసెసర్ 2 మైక్రోఆంపులతో సరిపెట్టుకుని పడుకుంటే, పక్కన ఉన్న పైసల ఖరీదు రెసిస్టర్ దానికి 150 రెట్లు తాగింది. పిన్నుని ఇన్‌పుట్‌గా మార్చే ఒక్క లైను రాస్తే సమస్య పోయింది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మైక్రోఆంప్ రేంజ్‌లో మీటరే కొంత వోల్టేజీ మింగుతుంది. చిప్ నిద్ర లేచి ఒక్కసారిగా కరెంటు లాగితే సప్లై పడిపోయి రీసెట్ అవుతుంది. మీటరు తీస్తే బాగుంటుంది, పెడితే పాడవుతుంది, పిచ్చెక్కుతుంది. లేచేటప్పుడు మీటరు రెండు కొసల్నీ వైరుతో షార్ట్ చేసి, పడుకున్నాక తీసేయండి.

పాతికేళ్ల క్రితం నా చదువులో ప్రాసెసర్ లోపల ఏముందో డేటాషీట్ బొమ్మలోనే చూశాం. ఇప్పుడు మద్రాస్ ఐఐటీ శక్తి ప్రాసెసర్ల సోర్స్ ఎవరైనా దించుకుని చదవచ్చు. అవి వాడే రిస్క్-ఫైవ్ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌కి ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. ఫర్బర్, విల్సన్ చేసినట్టే ఆ ప్రాసెసర్ నుంచి ఒక్కో భాగం తీసేసి, ఇంకా ఏ ప్రోగ్రాములు నడుస్తాయో ఎఫ్‌పీజీఏ (మనకి కావలసిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) మీద చూడండి. గుణకారం దగ్గర మొదలుపెట్టండి.

మీటరు, బోర్డు ఇక్కడే వదిలి వెళ్తున్నాను. ఆ రెసిస్టర్ తప్పుని మళ్లీ కావాలనే ప్రోగ్రామ్‌లో పెట్టి తెచ్చాను. భోజనాలయ్యాక రండి, ఏ పిన్నో మీరే పట్టుకోండి.