గరిటె అడుగు దాకా

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా పలకమని ఒక చీటీ ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడినవారు ఆ పని చేసేశారు కాబట్టి దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాను.

'నౌకాదళంలో నాయకత్వం, సంప్రదాయం' అన్నది నాకిచ్చిన అంశం. డిసెంబరు 4, నౌకాదళ దినం కదా, 1971 యుద్ధంలో కరాచీ మీద మన క్షిపణి పడవల దాడి గురించి, విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గురించి చెబుతానని మీరు అనుకుంటూ ఉంటారు. నేను పప్పు గురించి చెబుతాను. నవ్వండి, పరవాలేదు.

1946 ఫిబ్రవరి 18. బొంబాయిలో, బ్రిటిష్ వాళ్ల కింద ఉన్న నౌకాదళంలో తల్వార్ అనే సిగ్నల్ శిక్షణ కేంద్రం. ఆ పొద్దున పెట్టిన ఫలహారం ముట్టం అన్నారు నావికులు. తిండి బాగాలేదని ఎన్నాళ్లుగానో మొరపెట్టుకుంటున్నా వినే నాథుడు లేడు. పైగా అక్కడి కమాండర్ కింగ్ వాళ్లను కూలీ కొడుకులని తిట్టాడు. తిండి ఒక్కటే కారణమని నేను అనను. ఆజాద్ హింద్ ఫౌజు విచారణలు, దేశమంతా ఉడుకుతున్న కోపం, అన్నీ ఉన్నాయి. కానీ నిప్పు రాజుకున్నది వంటింటి దగ్గర. అయిదారు రోజుల్లో ఆ తిరుగుబాటు 78 ఓడలకు, 20 తీర స్థావరాలకు, దాదాపు 20,000 మందికి పాకింది. పటేల్ మాట మీద 23న లొంగిపోయారు. వందల మంది ఉద్యోగాలు పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్లను తిరిగి తీసుకోలేదు. మీ పాఠ్యపుస్తకంలో దీనికి ఎన్ని వాక్యాలు కేటాయించారో ఇంటికి వెళ్లాక చూడండి.

నేను నౌకాదళంలో పనిచేసిన రోజుల్లో మా ఓడలో డ్యూటీ ఆఫీసరు రోజూ వంట రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాల్సి ఉండేది. చాలామందికి మూత పెట్టిన స్టీలు పళ్లెం పైకి వెళ్లేది, సంతకం కిందికి వచ్చేది. ఒకాయన మాత్రం నిచ్చెన దిగి స్వయంగా వంటగదికి వచ్చేవాడు. ఓడ ఊగుతున్నా సరే, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, గరిటె గిన్నె అడుగు దాకా దించి పైకి తీసేవాడు. పైన తేలే తాలింపు ఎవరికైనా బాగానే ఉంటుంది, పప్పు ఉందో లేదో అడుగున తెలుస్తుంది. ఆయన ఆజ్ఞ ఇస్తే మాలో ఎవరూ రెండోసారి అడిగేవాళ్లం కాదు.

2022లో నౌకాదళ జెండా మీది బ్రిటిష్ కాలపు సెయింట్ జార్జి శిలువ పోయింది, శివాజీ రాజముద్ర స్ఫూర్తితో కొత్త చిహ్నం వచ్చింది. 2023లో అధికారుల చంకలోని బెత్తాలు పోయాయి. మంచిదే. నేను ఆ రెంటికీ చప్పట్లు కొట్టాను. గరిటె సంప్రదాయం మాత్రం పోకూడదని నా గొడవ.

ఇంకొక గొడవ కూడా ఉంది. సమయం అయిందని చీటీ పంపారు, చూశాను. కూర్చోండి బాబూ.

1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర సముద్రంలో మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. దాని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను మరొకరికి ఇచ్చి, ఓడతోపాటే వెళ్లిపోయాడు. మహావీర చక్ర ఇచ్చారు, ఇవ్వవలసిందే. ఆ రాత్రి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఈ మధ్య ఒక సంస్మరణ సభకు వెళ్లాను. వ్యాఖ్యాత ముల్లా గురించి చక్కగా చెప్పి, "ఆయనతోపాటు మరికొందరు" అన్నాడు. మరికొందరు! నూట తొంభై మూడు మందిని ఒక్క మాటలో చుట్టేశాడు. వాళ్లలో బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్లున్నారు, వంటవాళ్లున్నారు, మీ వయసు పిల్లలున్నారు. తన జాకెట్ ఇచ్చేసిన మనిషి ఆ 'మరికొందరు'ను వింటే ఏమనేవాడు? చెప్పండి, ఎవరైనా!

ఆ సభలో మాజీ నావికులను చివరి వరుసలో కూర్చోబెట్టారు. ఇక్కడా అంతే, నేను వస్తూనే చూశాను. అదిగో, ఆ స్తంభం పక్కన తెల్ల చొక్కాలో ఉన్న పెద్దాయన మా ఓడలో వంట చేసిన మనిషి. ఆ గరిటె అందించిన చెయ్యి ఆయనదే. నాకు మిగిలిన సమయం ఆయనకు ఇస్తున్నాను. అన్నా, లేవండి. మీరు ముందుకు రానక్కర్లేదు. ఎవరైనా ఆ మైకు తీసుకెళ్లి ఆయనకు ఇవ్వండి.