మా పరిధి కాదంటే కుదరదు

శ్రోతలకు నమస్కారం.

నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడి చేరేసరికి రాష్ట్రం మారిపోతుంది. దిగి చూసుకుంటే సంచి కోసేసి ఉంది, నగలు లేవు. పోయింది ఆంధ్రాలోనా, ఒడిశాలోనా? అది తేల్చాల్సింది పోలీసులు, పోగొట్టుకున్నవాళ్ళు కాదు. ఈ సంగతి తెలియకపోతే రెండు ఠాణాల మధ్య తిరగడానికే రోజులు సరిపోతాయి.

2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే ఫిర్యాదు, దర్యాప్తు ఎలా సాగాలో చెప్పే చట్టం, అమల్లో ఉంది. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం ఎక్కడ జరిగినా సరే, స్టేషన్ అధికారి ఫిర్యాదు రాసుకోవాలని దాని 173వ సెక్షన్ చెబుతోంది. ఆ అధికారి మన వైపు ఎస్సైయో సీఐయో అవుతారు, ఒడిశాలో ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌చార్జ్) అంటారు. విధి మాత్రం ఒకటే. తన పరిధిలోది కాకపోతే వరుస నంబరు బదులు సున్నా వేస్తారు. అదే జీరో ఎఫ్ఐఆర్. తర్వాత దాన్ని నేరం జరిగిన చోటి స్టేషన్‌కు పంపడం కూడా పోలీసుల పనే. "అవతలికి పోయి ఇచ్చుకోండి" అంటే చట్టం ఒప్పదు. అత్యాచారం వంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోని అధికారికి ఆర్నెల్లకు తగ్గకుండా, రెండేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష ఉంది. ఆ కేసుల్లో సమాచారం అందిన 24 గంటల్లోగా బాధితురాలిని, ఆమె సమ్మతితో, వైద్య పరీక్షకు పంపాలి. పరిధి తేలేదాకా ఆగితే సాక్ష్యం చెడిపోతుంది.

మన ప్రాంతంలో పెద్ద చిక్కు భాష దగ్గర వస్తుంది. మీరు తెలుగులో చెబుతారు, అక్కడ ఒడియాలో రాస్తారు, మధ్యలో ఇంకెవరో మాట మారుస్తారు. ఎనిమిదిన్నర కాస్తా ఎనిమిదవుతుంది, ఇంటిపేరు ఊరిపేరైపోతుంది. రేపు కోర్టులో ఎదుటి వకీలు ముందు పట్టుకునేది ఆ తేడానే. నోటితో చెప్పినదాన్ని రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలన్నది నియమం. కాబట్టి తెలుగులో అర్థం చెప్పేదాకా సంతకం పెట్టకండి. అర్జీ తెలుగులోనే రాసి ఇవ్వొచ్చు కూడా. రాజ్యాంగం 350వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది.

ఫిర్యాదులో ఏ స్టేషన్‌కూ ఏ స్టేషన్‌కూ మధ్య జరిగింది, రైలు పెట్టె ఏది, చివరిసారి సంచి ఎప్పుడు చూశారు, నగ ఎన్ని గ్రాములు, గుర్తేమిటి అన్నవి ఉండాలి. ఫోను పోతే దాన్ని గుర్తుపట్టే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కావాలి. ఫోను చేతిలో ఉన్నప్పుడే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి, వచ్చిన నంబరు ఇంట్లో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే 3 రోజుల్లోగా వెళ్ళి సంతకం చేయాలి.

మూడేళ్ళు మొదలు ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ ముగించే వీలు అధికారికి ఉంది. అది కాలయాపన కాదు. అసలు రాసుకోనే లేదంటే మాత్రం వివరమంతా రాసి జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు.

ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. చేతికి అందాక బదిలీ ఏ స్టేషన్‌కు జరుగుతుందో అడిగి దాని మీదే రాసుకోండి. వారం తర్వాత అక్కడికి ఫోను చేసి, సున్నా పోయి కొత్త నంబరు పడిందో లేదో కనుక్కోండి.