రాత్రి అన్నం మానేసి బన్ను తింటున్నా, షుగర్ తగ్గట్లేదు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ రోజు ప్యాకెట్ బన్నుల గురించి మాట్లాడుకుందాం. టీ బన్ను, ఫ్రూట్ బన్ను, బర్గర్ బన్ను, ఏదైనా సరే. ఇంట్లో ప్యాకెట్ ఉంటే చేతిలో పట్టుకుని ఫోన్ చేయండి. మీ సందేహాలు తీర్చడానికి పోషకాహార నిపుణురాలు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ జనగామ నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్. పేరు వద్దు గానీ వయసు 58. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ కూడా ఉంది. అన్నం తింటే షుగర్ పెరుగుతుందని అందరూ అంటే రాత్రిపూట అన్నం బంద్ చేసినా. లైట్‌గా ఉంటుందని బన్నులు తింటున్నా. మూడు నెలలైంది. పొద్దున చూస్తే షుగర్ తగ్గుడు కాదు, కొంచెం పెరిగింది.

నిపుణురాలు: ఎన్ని బన్నులు తింటారు?

కాలర్: మూడు. పాలల్లో అద్దుకుని.

నిపుణురాలు: ప్యాకెట్ దగ్గరుందా? వెనక్కి తిప్పండి.

కాలర్: ఉంది మేడమ్. అద్దాలు పెట్టుకోవాలి, ఒక్క నిమిషం... అక్షరాలు చీమ తలకాయంత ఉన్నయి.

నిపుణురాలు: నెట్ వెయిట్ ఎంత? లోపల ఎన్ని బన్నులు?

కాలర్: 240 గ్రాములు. నాలుగు.

నిపుణురాలు: అంటే ఒక్కోటి 60 గ్రాములు. మీరు తినేది 180 గ్రాములు. ఇప్పుడు కింద పట్టికలో 100 గ్రాములకు అని ఉన్న వరస చదవండి.

కాలర్: ఎనర్జీ 295 కేలరీలు. ప్రొటీన్ 8.5 గ్రాములు. కార్బోహైడ్రేట్ 54. యాడెడ్ షుగర్ 12. ఫ్యాట్ 5. సోడియం 410 మిల్లీగ్రాములు.

నిపుణురాలు: మూడు బన్నులకు లెక్క కడితే 530 కేలరీలు, పిండిపదార్థం 97 గ్రాములు. ఇది వరకు రాత్రి ఎంత అన్నం తినేవారు?

కాలర్: ఎక్కువ కాదు. రెండు గరిటెలు.

నిపుణురాలు: వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటుంది. 97 గ్రాములు రావాలంటే 350 గ్రాముల అన్నం తినాలి. మీ రెండు గరిటెలు అంత ఉండవు కదా?

కాలర్: అంత ఏడుంటది మేడమ్! మరి బన్ను చేతిలో పట్టుకుంటే దూదిలా ఉంటుందే?

నిపుణురాలు: లోపలంతా గాలి కాబట్టి. పిండి పులిసి పొంగుతుంది కదా, దాంతో చూడ్డానికి పెద్దగా, పట్టుకుంటే తేలిగ్గా అనిపిస్తుంది. అన్నం బరువులో మూడింట రెండొంతుల పైనే నీళ్లు. బన్నులో నీళ్లు మూడో వంతు. అందుకే గ్రాముకు గ్రాము చూస్తే బన్నే బరువైన తిండి. పైగా అందులో 21 గ్రాముల చక్కెర కలిపి ఉంది, అంటే నాలుగు చెంచాల పైనే. పాలల్లో చక్కెర వేస్తారా?

కాలర్: ...ఒక్క చెంచా.

నిపుణురాలు: సరే, అదీ కలపండి. ఇంకో వరస ఉండాలే, ఒక సర్వింగ్‌కు, అంటే ఒకసారి తినే మోతాదుకు, రోజువారీ అవసరంలో ఎంత శాతం అని. సర్వింగ్ ఎంత అని రాశారు?

కాలర్: 30 గ్రాములు. యాడెడ్ షుగర్ 7 శాతం.

నిపుణురాలు: 30 గ్రాములంటే సగం బన్ను. సగం బన్ను తిని మిగతాది దాచుకునేవాళ్లను నేనైతే చూడలేదు. మీరు ఆరు సర్వింగ్‌లు తింటున్నారు. 7 శాతం కాదు, 43 శాతం. అది కూడా మామూలు మనిషికి రోజుకు 50 గ్రాముల చక్కెర అని వేసిన లెక్క, షుగర్ ఉన్నవాళ్లకు కాదు. బీపీకి ఉప్పు తగ్గించారా?

కాలర్: కూరల్లో తగ్గించినం. పచ్చడి మానేసినా.

నిపుణురాలు: సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. మూడు బన్నుల్లో 1.8 గ్రాముల ఉప్పు. రోజంతటికీ 5 గ్రాములు దాటొద్దంటాం. తియ్యగా ఉంది కాబట్టి ఉప్పు ఉందని నాలుక పట్టుకోదు.

కాలర్: అయితే నేను పచ్చడి మానేసింది ఉత్తదేనా మేడమ్?

నిపుణురాలు: (నవ్వు) ఉత్తదేం కాదు, మానేసింది మంచిదే. మళ్లీ అన్నానికి రండి. ఒక గరిటె అన్నం, గిన్నెడు పప్పు, దానికి రెండింతలు కూర. జొన్నరొట్టె అలవాటుంటే ఒకటి చాలు, అదీ పిండే, నాలుగు తినేయకండి. తిండి మార్చే ముందు మీ డాక్టరుకు ఓ మాట చెప్పండి, మందుల మోతాదు చూసుకోవాలి. మందులు మాత్రం సొంతంగా మార్చొద్దు.

యాంకర్: రాజమండ్రి నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్: మేడమ్, మా పాపకి ఏడేళ్లండి. మొన్న జ్వరమొస్తే చూడ్డానికి వచ్చినవాళ్లంతా బ్రెడ్డూ బన్నులే తెచ్చారు. అప్పట్నుంచి స్కూల్ బాక్సులోకి ఫ్రూట్ బన్నే కావాలని ఏడుపండి. ఫ్రూట్ ఉంది కదా అని పెట్టేస్తున్నాను.

నిపుణురాలు: ఆ ఎర్రవి, పచ్చవి ముక్కలేనా ఫ్రూటు? అది టూటీ ఫ్రూటీ. మామూలుగా పచ్చి బొప్పాయి ముక్కల్ని చక్కెర పాకంలో ఉడికించి రంగేస్తారు. దాన్ని పండు లెక్కలో వేయకండి. జ్వరానికి బ్రెడ్డు అంటారా, నోటికి రుచి లేనప్పుడు నమలడం తేలిక, అంతవరకే. ఇడ్లీ, జావ, పెరుగన్నం అదే పని చేస్తాయి.

కాలర్: మరి పూర్తిగా మాన్పించాలాండి?

నిపుణురాలు: అక్కర్లేదు. వారంలో ఒకట్రెండు సార్లు పెట్టండి, కానీ ఒట్టి బన్ను వద్దు. ఒక బన్నులో ప్రొటీన్ ఐదు గ్రాములు. మధ్యలో ఆమ్లెట్ పెడితే గుడ్డు నుంచి ఇంకో ఆరు గ్రాములు వస్తాయి. గుడ్డు తినకపోతే పల్లీల చట్నీ గట్టిగా రుబ్బి రాయండి. దానికి ఫ్రూట్ బన్ను కాకుండా తీపి తక్కువున్న మామూలు బన్ను కొనండి.

యాంకర్: హైదరాబాద్ నుంచి హాస్టల్ విద్యార్థిని.

కాలర్: హాయ్ మేడమ్. మా రూమ్‌లో బన్ను ప్యాకెట్ ఐదు రోజులైనా పాడవలేదు. వెనకాల 282 అని ఉంది. అది క్యాన్సర్ కెమికల్ అని వాట్సాప్‌లో వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: 282 అంటే కాల్షియం ప్రొపియోనేట్. బూజు పట్టకుండా వేస్తారు, పరిమితి లోపల అనుమతి ఉన్నదే. మీకు వచ్చిన మెసేజ్ వేరే కథతో కలిసిపోయినట్టుంది. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు 38 రకాల బ్రెడ్లు, బన్నులు, పావ్‌లు పరీక్షిస్తే, ఎక్కువ వాటిలో పిండి బాగా పొంగడానికి కలిపే పొటాషియం బ్రోమేట్, అయోడేట్ ఆనవాళ్లు కనిపించాయి. బ్రోమేట్‌కు క్యాన్సర్ అనుమానం ఉంది. అదే ఏడాది కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ బ్రోమేట్‌ను నిషేధించింది. అది వేరు, ఇది వేరు. అన్నట్టు, బూజు ఓ మూల కనిపించినా ఆ ముక్క తుంచేసి మిగతాది తినొద్దు. కంటికి కనిపించకుండా లోపలికి పాకుతుంది.

యాంకర్: టైమ్ అయిపోతోంది, చివరి కాల్ నెల్లూరు నుంచి. త్వరగా చెప్పండి.

కాలర్: మేమైతే గోధుమ బన్నే తెస్తామండి. రంగు కూడా బాగా ముదురు. కవరు మీద గోధుమ కంకులు. ఇది మంచిదే కదా?

నిపుణురాలు: బొమ్మ సంగతి వదిలేయండి. పదార్థాల జాబితా చదవండి. బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి, అది రూలు.

కాలర్: రిఫైన్డ్ వీట్ ఫ్లోర్... తర్వాత చక్కెర... హోల్ వీట్ ఫ్లోర్ 9 శాతం... కలర్ 150ఏ.

నిపుణురాలు: రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అంటే మైదానే. 150ఏ అంటే కారమెల్, చక్కెర మాడ్చి తీసిన రంగు. మీరు చూసిన ఆ ముదురు రంగు దానిదే.

కాలర్: పది రూపాయలు ఎక్కువ పెట్టి కొంటున్నామండీ! ఇంట్లో ఇంకా రెండు ప్యాకెట్లున్నాయి. ఏం చేయమంటారు?

నిపుణురాలు: తినేయండి, మామూలు బన్నే కదా. ఈసారి కొనేటప్పుడు మాత్రం అద్దాలు తీసుకెళ్లండి.